రాత్రి లైటు వేస్తే పీనియల్ ఎంజైమ్ నిమిషాల్లో ఎందుకు పడిపోతుంది? ప్రొప్రనొలాల్‌తో కూడా అదే ఎందుకు?

సీమ_ఫార్మసీ
అందరికీ నమస్తే. ఎం.ఫార్మ్‌లో ఫార్మకాలజీ చదువుతున్నా. సెమినార్‌కి పీనియల్ గ్రంథి (మెదడులో మెలటోనిన్ హార్మోన్ తయారుచేసేది) తీసుకున్నా, తీసుకున్నాక మొదలైంది టెన్షన్.

నాకు అర్థమైనంత వరకు రాస్తా. సెరటోనిన్ మీద ముందు ఎన్-ఎసిటైల్‌ట్రాన్స్‌ఫరేజ్ పనిచేస్తుంది, దాన్నే పొట్టిగా ఎన్‌ఏటీ అంటున్నారు. ఆ తర్వాత హెచ్ఐఓఎంటీ అనే ఇంకో ఎంజైమ్ మిథైల్ గ్రూపు తగిలిస్తే మెలటోనిన్ తయారు. ఎలుకల్లో ఎన్‌ఏటీ పగలంతా అడుగంటి ఉండి, రాత్రికి పదుల రెట్లు పెరుగుతుంది. ఇంతవరకు ఓకే.

నడిరాత్రి ఎలుకల గదిలో లైటు వేస్తే ఆ యాక్టివిటీ నిమిషాల్లో కుప్పకూలుతుంది. చీకట్లోనే ఉంచి, నరాల కబురు అందుకునే బీటా రిసెప్టర్లని మూసేసే ప్రొప్రనొలాల్ ఇంజెక్షన్ చేసినా అంతే. కానీ ప్రొటీన్ తయారీనే ఆపేసే సైక్లోహెక్సిమైడ్ ఇస్తే మాత్రం నిదానంగా దిగుతుంది. కొత్త ఎంజైమ్ తయారవక పడిపోతోంది అనుకుంటే, అన్నిటికంటే ముందు సైక్లోహెక్సిమైడ్‌తోనే పడిపోవాలి కదా? మా గైడ్‌ని అడిగితే "రిసెప్టర్ మెకానిజమ్ చెప్పు, చాలు" అన్నారు. నాకు చాలడం లేదు.

డాలస్_బావ
పీనియల్ అంటే మూడో కన్ను కదా. మన ఆజ్ఞాచక్రం. ఋషులకి ఇదంతా ముందే తెలుసు.

తర్కం
వచ్చాడండీ. బావా, ఆత్మ అక్కడే కూర్చుంటుందని ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ కూడా 17వ శతాబ్దంలో రాశాడు. మీరిద్దరూ ఇంకో థ్రెడ్ పెట్టుకోండి. ఇక్కడ అమ్మాయి ఎంజైమ్ గురించి అడుగుతోంది.

పాతమాస్టారు
అమ్మా, ఈ ప్రశ్న చిన్నదేం కాదు. 1972లో లేచింది, గట్టి జవాబు 1998 దాకా రాలేదు.

ముందు దారి సంగతి. ఎలుకలో గానీ మనిషిలో గానీ వెలుతురు పీనియల్‌ని నేరుగా తాకదు. కంటి రెటీనా నుంచి కబురు హైపోథలామస్‌లోని సుప్రాకయాస్మాటిక్ కేంద్రకానికి వెళ్తుంది. శరీర గడియారం అదే. అక్కడి నుంచి పారావెంట్రిక్యులర్ కేంద్రకం, వెన్నుపాము, మెడలోని సుపీరియర్ సర్వైకల్ గాంగ్లియాన్. అక్కడి నుంచి సింపథెటిక్ నరాలు మళ్లీ పైకి ఎక్కి పీనియల్‌కి చేరతాయి. పక్కింటికి పోవడానికి ఊరంతా తిరిగినట్టు అనిపిస్తుంది గానీ దారి ఇదే. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్లలో రాత్రి మెలటోనిన్ పెరుగుదల కనపడదు. నడుము దగ్గర దెబ్బ తగిలినవాళ్లలో మామూలుగానే ఉంటుంది. దారి ఎక్కడ తెగిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రాత్రి ఆ నరాల కొసల నుంచి నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది పీనియల్ కణం మీది బీటా-1 రిసెప్టర్‌ని తట్టగానే లోపల సైక్లిక్ ఏఎంపీ (కణం లోపల కబురు మోసే అణువు) పెరుగుతుంది. ఆల్ఫా-1 రిసెప్టర్ కూడా తోడై ఆ పెరుగుదలని ఇంకా ఎగదోస్తుంది. ఎలుకలో ఈ సైక్లిక్ ఏఎంపీతోనే ఎన్‌ఏటీ జన్యువు మేల్కొంటుంది, దాని నకలైన ఎంఆర్ఎన్ఏ వందరెట్లు పైగా పెరుగుతుంది, దాన్నుంచి ఎంజైమ్ తయారవుతుంది.

మరి సైక్లిక్ ఏఎంపీ పని అక్కడితో అయిపోతుందా? అవదు. తయారైన ఎంజైమ్‌ని బతికించేది కూడా అదే. ప్రొటీన్ కైనేజ్-ఏ చేత ఎంజైమ్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన ఎంజైమ్‌ని 14-3-3 అనే ప్రొటీన్ వచ్చి పట్టుకుంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపు ఎంజైమ్ భద్రం, చురుగ్గా కూడా ఉంటుంది. సైక్లిక్ ఏఎంపీ పడిపోయిన మరుక్షణం ఫాస్ఫేట్ ఊడుతుంది, 14-3-3 వదిలేస్తుంది, కణంలో ప్రొటీన్లని నరికే ప్రొటియాసోమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది.

ఇప్పుడు నీ మూడు ప్రయోగాలూ చూడు. లైటు వేస్తే నోరడ్రినలిన్ రావడం ఆగుతుంది. ప్రొప్రనొలాల్ ఇస్తే నోరడ్రినలిన్ వస్తూనే ఉంటుంది కానీ రిసెప్టర్ దగ్గర తలుపు మూసుంటుంది. రెండింట్లోనూ సైక్లిక్ ఏఎంపీ పడిపోయి, ఉన్న ఎంజైమ్ కూడా నాశనమవుతుంది. సైక్లోహెక్సిమైడ్‌లో కొత్తది తయారవడం మాత్రమే ఆగింది, సైక్లిక్ ఏఎంపీ అలాగే ఉంది. అందుకే పాతది కాస్త నిలబడి మెల్లగా తరుగుతుంది.

సీమ_ఫార్మసీ
మాస్టారూ! ఇప్పుడు వెలిగింది. "యాక్టివిటీ తగ్గింది" అని పేపర్లలో చదివి ఎంజైమ్ అక్కడే ఉండి పని మానేసింది అనుకుంటున్నా ఇన్నాళ్లు. అసలు ఎంజైమే ఉండదన్నమాట.

ఆ సంవత్సరాల వివరాలు కాస్త చెప్తారా? మొదటి స్లైడ్‌కి కావాలి.

పాతమాస్టారు
1958లో యేల్‌లో ఆరన్ లెర్నర్ మెలటోనిన్‌ని ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేశాడు. ఆయన చర్మవైద్యుడు. కప్ప చర్మాన్ని తెల్లబరిచే పదార్థం కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. తర్వాత రెండు మూడేళ్లలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆక్సెల్‌రాడ్, వైస్‌బాక్ ఆ రెండు ఎంజైమ్‌లనీ పట్టుకున్నారు. 1970లో డేవిడ్ క్లైన్, జోన్ వెల్లర్ ఎలుకలో ఎన్‌ఏటీకి రాత్రీపగలూ లయ ఉందని చూపించారు. ఆక్సెల్‌రాడ్‌కి నోబెల్ వచ్చింది కూడా 1970లోనే, అయితే అది నరాల కొసలు నోరడ్రినలిన్‌ని ఎలా దాచుకుంటాయో, ఎలా వదులుతాయో చెప్పినందుకు.

1972లో రెండు పేపర్లు. రాత్రి లైటు వేస్తే ఎన్‌ఏటీ సగానికి పడటానికి సుమారు 3 నిమిషాలే పడుతోందని క్లైన్, వెల్లర్. బీటా రిసెప్టర్ సంగతి డెగుచి, ఆక్సెల్‌రాడ్. నీ ప్రొప్రనొలాల్, సైక్లోహెక్సిమైడ్ ప్రయోగాలు ఈ రెండో పేపర్లోవి. 1995లో జన్యువు దొరికింది. 1998లో క్లైన్ బృందమే ప్రొటియాసోమ్‌ని అడ్డుకునే మందులు వేసి చూస్తే ఎంజైమ్ పడిపోవడం ఆగింది. 14-3-3 సంగతి 2001లో.

ఇంకో మాట. ఆ డెగుచి పేపర్లో రిసర్పిన్ కూడా ఉంది, వదలొద్దు. రిసర్పిన్ నరాల కొసల్లో నోరడ్రినలిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుంది, దాంతో రాత్రి ఎంజైమ్ లేవదు. ఆ మందు మన సర్పగంధి వేరులోది. సర్పగంధి బీపీని తగ్గిస్తుందని 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకే బయటి ప్రపంచం దానివైపు చూసింది. మన వేరు పేరు మన సెమినార్లో రాకపోతే ఎలా?

డాలస్_బావ
చూశారా, నేను చెప్పలా, మనవాళ్లకి ముందే తెలుసని 😄

తర్కం
బీపీకి తెలుసు బావా. పీనియల్‌కి కాదు.

ఓరుగల్లు_ల్యాబ్
నేను ఎలుకలతో పనిచేస్తా. పేపర్లో ఒక్క వాక్యంలో తేల్చేసే సంగతి ఒకటి చెప్తా. "మసక ఎర్ర వెలుతురులో గ్రంథిని తీశాం" అని రాస్తారు కదా, అసలు కష్టమంతా అందులోనే ఉంది. ఎలుక పీనియల్ బరువు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. పుర్రె పైకప్పు ఎత్తినప్పుడు చాలాసార్లు దానికే అంటుకుని పైకి వచ్చేస్తుంది. మెదడు మీద వెతుక్కుంటూ కూర్చుంటే నిమిషాలు పోతాయి, ఎంజైమ్ కూడా పోతుంది. కాబట్టి ముందు ఎముక లోపలివైపు చూడాలి. దొరకగానే డ్రై ఐస్ మీదికి.

ఎరుపు కదా ఏం కాదులే అనుకోవద్దు. తీవ్రత ఎక్కువైతే ఎర్ర లైటు కూడా ఎలుకలో మెలటోనిన్‌ని అణుస్తుంది. వరండాలో ట్యూబ్‌లైటు వేసి ఎవరైనా తలుపు తీశారంటే ఆ రాత్రి డేటా చెత్తబుట్టకే. మా దగ్గర తలుపుకి లోపలివైపు నల్లగుడ్డ రెండు పొరలు వేలాడదీశాం.

యాక్టివిటీ కొలవడానికి పాత పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. గ్రంథిని నూరి, ట్రిప్టమిన్‌నీ, రేడియో కార్బన్ ఉన్న ఎసిటైల్ కో-ఏనీ కలుపుతారు. తయారైన ఎసిటైల్ ట్రిప్టమిన్‌ని సేంద్రియ ద్రావణిలోకి లాగి కౌంటర్లో లెక్కపెడతారు.

తర్కం
ఇదంతా ఎలుక. ఎలుక రాత్రి తిరిగే జంతువు, మనం రాత్రి పడుకునేవాళ్లం. దాని లెక్కలు మనకి అతికించడం ఎంతవరకు కరెక్టు?

పాతమాస్టారు
మంచి ప్రశ్న. పగలు తిరిగేదైనా రాత్రి తిరిగేదైనా మెలటోనిన్ మాత్రం రాత్రే తయారవుతుంది. అది నిద్ర కబురు కాదు, చీకటి కబురు. అక్కడ తేడా లేదు.

తేడా ఎక్కడంటే, గొర్రెలోనూ కోతిలోనూ ఎన్‌ఏటీ ఎంఆర్ఎన్ఏ పగలూ రాత్రీ దండిగానే ఉంటుంది. రాత్రికి జన్యువుని కొత్తగా లేపక్కర్లేదు. పగలు తయారైన ఎంజైమ్ తయారైనట్టే నాశనమైపోతుంటుంది, రాత్రి సైక్లిక్ ఏఎంపీ వచ్చి దాన్ని కాపాడుతుంది. మనిషి కూడా ఈ వైపే. అందుకే ఎలుకలో చీకటి పడ్డాక ఎంజైమ్ లేవడానికి గంటలు పడుతుంది, గొర్రెలో త్వరగా లేస్తుంది. దించే పద్ధతి మాత్రం అందరిలో ఒకటే.

ఇంకొకటి. బతికున్న మనిషి పీనియల్‌లో ఎంజైమ్‌ని ఎవరూ కొలవలేరు. రక్తంలోనో లాలాజలంలోనో మెలటోనిన్‌ని, మూత్రంలో దాని సల్ఫేట్ రూపాన్ని కొలిచి లోపల ఏం జరిగిందో ఊహిస్తాం. మందుల సంగతి మాట్లాడేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోకపోతే బోర్లాపడతాం.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని. ఐసీయూలో నైట్లు పడుతుంటాయి. మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్ వాడుతున్నా. పగలు పడుకున్నా ముక్కలు ముక్కలుగా నిద్ర, పిచ్చిపిచ్చి కలలు. ఇప్పుడీ థ్రెడ్ చదివాక భయమేస్తోంది. రాత్రంతా లైట్ల కింద ఉంటా, పైన ఈ మాత్ర. నా పీనియల్ అసలు పనిచేస్తోందా?

పాతమాస్టారు
పనిచేస్తుందమ్మా, భయపడకు. ముందుగా ఒకటి: ప్రొప్రనొలాల్‌ని నీ అంతట నువ్వు టక్కున మానొద్దు. నర్సువి, నీకు తెలిసిందే. ఒక్కసారిగా ఆపితే గుండె దడ, బీపీ ఎగదన్నుతాయి.

బీటా బ్లాకర్లు మనుషుల్లో కూడా రాత్రి మెలటోనిన్‌ని తగ్గిస్తాయి. ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్ అన్నీ. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అటెనొలాల్ మెదడులోకి పెద్దగా పోదు, అయినా మెలటోనిన్‌ని తగ్గిస్తుంది. ఎందుకంటే పీనియల్‌కి రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే ఆ అడ్డుగోడ లేదు. రక్తంలో ఉన్నది నేరుగా అందుతుంది. నీ కలల సంగతి వేరు. ప్రొప్రనొలాల్ కొవ్వులో కరిగే రకం, మెదడులోకి బాగా పోతుంది. పీడకలలన్నీ మెలటోనిన్ మీదికి తోసేయడానికి లేదు.

కార్వెడిలాల్, నెబివొలాల్‌లకి మెలటోనిన్ తగ్గించే గుణం కనపడలేదు. అలాగని అవి మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్ బదులు సరిపోతాయని కాదు. మందు మార్చాలా, వేళ మార్చాలా అన్నది మీ న్యూరాలజిస్టుని అడుగు.

2012లో హార్వర్డ్ వాళ్లు బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడుతున్న 16 మందికి రోజూ రాత్రి 2.5 మిల్లీగ్రాముల మెలటోనిన్ మూడు వారాలు ఇచ్చి చూశారు. నిద్ర సుమారు అరగంట పెరిగింది. చిన్న ట్రయల్. పైగా వాళ్లు రాత్రి పడుకునేవాళ్లు, నైట్ డ్యూటీ వాళ్లు కాదు. అంతవరకే తీసుకో.

కంటిచూపు
సిస్టర్ గారూ, లైట్ల గురించి నేను చెప్తా, కంటి డాక్టర్ని.

మనిషిలో మెలటోనిన్ తగ్గాలంటే ఎంత వెలుతురు కావాలన్నదాని మీద పెద్ద కథే నడిచింది. ఎలుకకి కొద్దిపాటి వెలుతురు చాలు. మనిషికి మామూలు గది లైట్లతో పెద్దగా తగ్గడంలేదని మొదట్లో అనుకున్నారు. 1980లో లూయీ బృందం 2500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వేసి చూపిస్తే గానీ నమ్మలేదు. ఇప్పుడు తెలిసింది ఏంటంటే మామూలు ఇంటి వెలుతురు కూడా పనిచేస్తుంది. 2019లో ఆస్ట్రేలియా వాళ్లు కొలిస్తే సగటున 25 లక్స్ దగ్గరే మెలటోనిన్ సగానికి తగ్గింది. కానీ మనిషికీ మనిషికీ తేడా చూడండి: ఒకరికి 6 లక్స్ చాలింది, ఇంకొకరికి 350 కావలసివచ్చింది. అందుకే "ఫోన్ చూస్తే ఇంత శాతం తగ్గుతుంది" అని అందరికీ ఒకే లెక్క చెప్పేవాళ్లని నేను నమ్మను.

రంగు కూడా ముఖ్యం. చూపుకి వాడే రాడ్లు, కోన్లు కాకుండా రెటీనాలో మెలనోప్సిన్ అనే వెలుతురుని పట్టే వర్ణకం ఉన్న గాంగ్లియాన్ కణాలు కొన్ని ఉన్నాయి. 2002లో బెర్సన్ వాటిని పట్టుకున్నాడు. అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుతురుకి బాగా స్పందిస్తాయి. చూపు పూర్తిగా పోయినవాళ్లలో కూడా కొందరికి లైటుతో మెలటోనిన్ పడిపోతుందని 1995లోనే చూపించారు. ఆ కణాలు బతికి ఉన్నాయన్నమాట. కన్ను కనపడటం లేదు కదా అని రెండు కళ్లూ తీసేసే ముందు మేం ఇది కూడా ఆలోచించాలి.

ఐసీయూలో లైట్లు ఆర్పమని చెప్పను, మందు తప్పు ఎక్కిస్తే ఎవరిది పూచీ? డ్యూటీ దిగి ఇంటికెళ్లేటప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకోండి, స్కూటీ మీద కునుకు రానంతవరకే. పడుకునే గదికి మందపాటి కర్టెన్లు కట్టుకోండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
థాంక్యూ డాక్టర్ గారూ, మాస్టారూ. మా వార్డులో ఇంకో ఇద్దరికి ఇదే మాత్ర. వాళ్లకీ పంపిస్తున్నా.

సీమ_ఫార్మసీ
మందుల పట్టిక వేస్తున్నా, చూడండి. ఎంజైమ్‌ని తగ్గించేవి: బీటా బ్లాకర్లు, క్లొనిడిన్, రిసర్పిన్. పెంచేవి: ఐసోప్రొటిరినాల్, డెసిప్రమిన్, ఫ్లువాక్సమిన్, కాఫీ. సరేనా?

పాతమాస్టారు
మొదటి వరస సరే. రెండో వరసలో రెండు రకాలు కలిసిపోయాయి.

ఐసోప్రొటిరినాల్ బీటా రిసెప్టర్‌నే తడుతుంది, ఎలుకలో ఎంజైమ్‌ని లేపుతుంది. డెసిప్రమిన్ నోరడ్రినలిన్‌ని నరం మళ్లీ పీల్చుకోకుండా ఆపుతుంది. ఈ రెండూ ఉండొచ్చు. ఫ్లువాక్సమిన్, కాఫీ మాత్రం పీనియల్ జోలికే పోవు. మెలటోనిన్‌ని కాలేయంలో సిప్-1ఏ2 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఫ్లువాక్సమిన్ దాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. కెఫీన్ అదే ఎంజైమ్ దగ్గర పోటీకి వస్తుంది. తయారీ పెరగలేదు, ఖర్చు తగ్గింది. రక్తంలో చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి. ఇందాక బోర్లాపడతాం అన్నది ఇందుకే.

డాలస్_బావ
ఆగండాగండి. నేను రోజూ 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ గమ్మీ వేసుకుంటా. పైగా సిప్రో యాంటీబయాటిక్ కోర్సు నడుస్తోంది. అది కూడా ఇదే బాపతా?

తర్కం
అదే బాపతు బావా. సిప్రోఫ్లాక్సాసిన్ కూడా సిప్-1ఏ2ని అడ్డుకుంటుంది. పొద్దున ఆఫీసులో తూగుతుంటే ఋషుల్ని తిట్టకు. ఇంకోటి, ఆ డబ్బా మీద 10 అని ఉన్నంత మాత్రాన లోపల 10 ఉంటుందని కాదు. మీ అమెరికాలో అది మందుల లెక్కలో లేదు, ఆహార సప్లిమెంట్ లెక్కలో అమ్ముతారు. కెనడాలో 2017లో 31 రకాలు పరీక్షిస్తే, ఒకదాంట్లో రాసినదానికంటే 83 శాతం తక్కువ, ఒకదాంట్లో 478 శాతం ఎక్కువ తేలింది.

డాలస్_బావ
ఓర్నాయనో. ఇవాళ్టికి గమ్మీ బంద్. డాక్టర్‌కి మెసేజ్ పెడుతున్నా.

సీమ_ఫార్మసీ
మాస్టారూ, ఒక చిన్న డౌటు. బీటా బ్లాకర్‌తో మెలటోనిన్ తగ్గడాన్ని కావాలని వాడుకునే జబ్బు ఏదైనా ఉందా?

పాతమాస్టారు
ఉంది. స్మిత్-మజెనిస్ సిండ్రోమ్. 17వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క పోవడం వల్ల వస్తుంది. ఆ పిల్లల్లో మెలటోనిన్ తలకిందులు: పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. పగలంతా తూగుతారు, రాత్రి ఇల్లు పీకి పందిరేస్తారు. ఫ్రాన్స్‌లో డాక్టర్లు పొద్దున అసిబ్యుటొలాల్ ఇచ్చి పగటి మెలటోనిన్‌ని ఆపి, సాయంత్రం మెలటోనిన్ మాత్ర ఇచ్చారు. పిల్లల నిద్ర, ప్రవర్తన బాగుపడ్డాయి. నీ 1972 ఎలుకల పేపర్‌కి ఇంతకంటే నేరుగా మనుషుల్లో ఉపయోగం నాకు కనపడలేదు.

ఇంకో సంగతి ఫార్మసీ వాళ్లకి నచ్చుతుంది. డెగుచి వాడింది ఎల్-ప్రొప్రనొలాల్. మనుషుల్లో కూడా ఎస్-రూపమే, అంటే అదే, మెలటోనిన్‌ని తగ్గిస్తుంది, ఆర్-రూపం తగ్గించదు. మనం మింగే మాత్రలో రెండూ సగం సగం.

తణుకు_కోళ్లు
మేం లేయర్లు పెంచుతాం. షెడ్లలో పగటి వెలుతురుతో కలిపి 16 గంటలు లైటింగ్ ఇస్తాం, లేకపోతే గుడ్లు తగ్గుతాయి. ఇదంతా ఈ పీనియల్ మహిమేనా? కోళ్లకి కూడా ప్రొప్రనొలాల్ ఇస్తే లైటు ఆర్పినట్టా, వేసినట్టా?

ఓరుగల్లు_ల్యాబ్
అన్నా, కోడి దగ్గర కథ తిరగబడుతుంది. కోడి పీనియల్‌కి సొంతంగా వెలుతురు తెలుస్తుంది. దాంట్లో పినాప్సిన్ అనే వర్ణకం ఉంది. గ్రంథిని బయటికి తీసి గాజుపాత్రలో పెట్టినా ఎన్‌ఏటీ రాత్రికి లేస్తుంది, పగటికి పడుతుంది. లైటు వేస్తే కన్ను లేకుండానే పడిపోతుంది. డెగుచినే 1979 ప్రాంతంలో ఇది చూపించాడు. ఇంకా విడ్డూరం, ఎలుకలో ఎంజైమ్‌ని లేపే నోరడ్రినలిన్ కోడిలో ఆల్ఫా-2 రిసెప్టర్ మీద పనిచేసి దాన్ని దించుతుంది. కాబట్టి ప్రొప్రనొలాల్ లెక్క అక్కడ నడవదు.

గుడ్ల సంగతి వేరు. లైటు పుర్రెలోంచి దూరి హైపోథలామస్‌లోని కణాల్ని తాకుతుంది, గుడ్డు హార్మోన్ల పని అక్కడ మొదలవుతుంది. దాంట్లో పీనియల్ పాత్ర చిన్నది.

తణుకు_కోళ్లు
తలకాయలోంచి దూరుతుందా! అయితే బల్బు కాంతి ఎంత, ఏ రంగు అన్నది ఇంకో థ్రెడ్‌లో అడుగుతా.

సీమ_ఫార్మసీ
ఆఖరి ప్రశ్న, తిట్టొద్దు. లైటు ఒక్క నిమిషమే వేసి ఆర్పేస్తే?

పాతమాస్టారు
ప్రాగ్‌లో ఇల్నెరోవా, వానెచెక్ 1970ల చివర్లో సరిగ్గా ఇదే చేశారు. అర్ధరాత్రికి ముందు ఒక్క నిమిషం వేస్తే ఎంజైమ్ పడిపోయి, కాసేపటికి మళ్లీ లేచింది. అర్ధరాత్రి దాటాక వేస్తే ఆ రాత్రికి ఇక లేవలేదు. అంటే ఆ నిమిషం వెలుతురు ఎంజైమ్‌ని దించడంతో ఆగలేదు, గడియారాన్ని కూడా జరిపింది. గ్రాఫ్ దొరికితే స్లైడ్‌లో పెట్టు. మీ గైడ్ "చాలు" అనరు, ప్రశ్నలు వేస్తారు.

సీమ_ఫార్మసీ
ఇచ్చింది 20 నిమిషాలే మాస్టారూ. కోడిని తీసేయనా?

తణుకు_కోళ్లు
తీస్తే ఊరుకునేది లేదమ్మా.

ఓరుగల్లు_ల్యాబ్
కోడిని ఉంచి డెకార్ట్‌ని తీసెయ్.